అడ్డంగా తిరిగేవాళ్లం, ఇప్పుడు నిలువుగా

సంపాదకుడికి నమస్కారం.

ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయాలన్నీ ఒకే భవనంలోకి మార్చారని మీ పేపర్లోనే చదివి నిజంగానే సంతోషపడ్డాను. ఇదివరకు ఒక సంతకానికి ఊరికి ఆ చివర, ఒక ముద్రకు ఈ చివర తిరిగేవాళ్లం కదా. పోయిన వారం మా అత్తయ్యను పింఛను పని మీద వీల్‌చైర్‌లో తీసుకెళ్లాక తెలిసింది, తిరుగుడు ఏమీ తగ్గలేదు, అడ్డంగా తిరిగేవాళ్లం కాస్తా నిలువుగా తిరుగుతున్నాం, అంతే.

గుమ్మం దగ్గరే మొదలైంది. ర్యాంపు ఉంది, లేదనను. కానీ అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది భవనాలు కట్టేవాళ్లందరికీ తెలిసిన లెక్కే. మూడు మెట్లకు, అంటే 45 సెంటీమీటర్ల ఎత్తుకు, దాదాపు ఐదున్నర మీటర్లు కావాలి. అక్కడ రెండు మీటర్లుంటే ఎక్కువ, పైగా దాని మొదట్లోనే ఎవరిదో బైకు. ఇద్దరం తోస్తే గానీ కుర్చీ కదల్లేదు.

లోపల బోర్డు మీద మేం వెళ్లాల్సిన ఆఫీసు పక్కన 3 అని ఉంటే, దాని మీద కాగితం అంటించి పెన్నుతో 5 రాశారు, ఆ కాగితం సగం ఊడిపోయి ఇప్పుడు రెండు అంకెలూ కనిపిస్తున్నాయి! మూడుకెళ్తే ఐదన్నారు, ఐదుకెళ్తే ముందు రెండులో సంతకం పెట్టించుకు రమ్మన్నారు, రెండులో జిరాక్స్ అడిగారు, అది గేటు బయట. పనిచేస్తున్న లిఫ్టు ఒక్కటే. పాపం సెక్యూరిటీ అతనే అందరికీ దారి చెబుతున్నాడు, అసలు ఎంక్వయిరీ కౌంటర్ ఆయనే.

బోర్డులు సులువుగా చదివి అర్థం చేసుకునేలా, బ్రెయిలీలో కూడా ఉండాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలోనే ఉంది. బ్రెజిల్‌లోని సావో పావులోలో 1997లోనే వేర్వేరు శాఖల పనులు ఒకేచోట అయ్యేలా కేంద్రం తెరిచి, దానికి ‘టైము ఆదా’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మనం అంత చక్కటి పేరు పెట్టక్కర్లేదు గానీ కింది అంతస్తులో ఒక కౌంటర్ పెట్టి కాగితాలు అక్కడే తీసుకుంటే చాలు. ఫైలుకు మోకాళ్ల నొప్పులుండవు, అది ఎన్ని అంతస్తులైనా ఎక్కుతుంది. ముందు ఆ బైకు తీయించండి, బోర్డు మార్చండి, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

అత్తయ్య పని ఇంకా కాలేదు. సోమవారం రమ్మన్నారు, ఈసారి నాలుగో అంతస్తుకట.

ఇట్లు,
మీ పాఠకురాలు