బియ్యం ముందా, సీసా ముందా?

సంపాదకుడిగారికి నమస్కారం.

గంజాయి తాగేవాళ్లున్న ఇళ్లకి రేషన్ బియ్యం ఎందుకివ్వాలి అంటూ ఈ మధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన లేఖ చదివాను. అమెరికాలో మత్తుమందుల యూరిన్ టెస్టు పాసయితేనే ఫుడ్ స్టాంపులు, అంటే పేదలకి తిండి కొనుక్కోడానికి సర్కారిచ్చే సాయం, ఇస్తారట. ఇక్కడా కార్డుదారులకి ఆ పరీక్ష పెడితే దెబ్బకి దారికొస్తారని ఆయన సలహా. నేను అనకాపల్లిలో ఇరవై రెండేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ పరీక్షకి యూరిన్ పట్టిన సీసా రోజూ పట్టుకునేది నేనే కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ అమెరికా సంగతి. ఫుడ్ స్టాంపులకి దరఖాస్తు పెట్టినవాళ్లందరికీ అక్కడ టెస్టులు చేయడం లేదు. 2014లో జార్జియా రాష్ట్రం కొందరికి చేద్దామని చట్టం తెచ్చింది. ఈ పథకానికి రాష్ట్రాలు సొంతంగా కొత్త షరతులు కలపడానికి లేదని కేంద్ర వ్యవసాయ శాఖ చెప్పేసరికి అది ఆగిపోయింది. డ్రగ్ కేసుల్లో పెద్ద నేరం రుజువైనవాళ్ల సంగతి వేరు. వాళ్లకి జీవితాంతం ఫుడ్ స్టాంపులు ఇవ్వకూడదని 1996 చట్టంలోనే ఉంది. కాకపోతే మినహాయించుకునే వీలు రాష్ట్రాలకిచ్చారు. చాలా రాష్ట్రాలు ఆ నిషేధాన్ని ఎత్తేశాయి, లేదంటే సడలించాయి.

ఆ లేఖ రాసినాయన విన్నది బహుశా ఫ్లోరిడా గురించి. అక్కడ పెట్టింది తిండి సాయానికి కాదు, పేద కుటుంబాలకిచ్చే నగదు సాయానికి. 2011 జులైలో మొదలుపెట్టారు. టెస్టు డబ్బులు ముందు దరఖాస్తుదారే కట్టుకోవాలి, పాసయితే ప్రభుత్వం తిరిగిస్తుంది. నాలుగు నెలలు నిండకుండానే కోర్టు ఆపేసింది. ఈలోగా 4,046 మందికి పరీక్ష చేస్తే ఫెయిలైనవాళ్లు 108 మంది. అంటే నూటికి ముగ్గురు కూడా లేరు. పాసైనవాళ్లకి తిరిగిచ్చిన టెస్టు ఖర్చు 1,18,140 డాలర్లు. ఫెయిలైనవాళ్లకి ఆపిన సాయం కంటే ఇదే ఎక్కువ తేలింది. కొండని తవ్వి ఎలకని పట్టడమంటే ఇదే. అయినా ఎలకని పట్టామని చెప్పుకున్నవాళ్లు అక్కడా ఉన్నారనుకోండి!

కోర్టుకెళ్లినాయన పేరు లూయిస్ లెబ్రాన్. నేవీలో పనిచేసొచ్చి చదువుకుంటూ చిన్న కొడుకుని పెంచుకుంటున్న మనిషి. నామీద ఏ అనుమానమూ లేకుండా నా ఒంటిని ఎందుకు సోదా చేస్తారన్నది ఆయన వాదన. 2013 చివర్లో జడ్జి ఆ చట్టాన్ని కొట్టేశారు. మరుసటేడు పై కోర్టూ అదే తీర్పు ఇచ్చింది.

ఇక నాకు బాగా తెలిసిన విషయం, ఆ టెస్టు. లేఖ రాసినాయన దాన్ని తూకం రాయి అనుకుంటున్నట్టున్నారు. అది ప్లాస్టిక్ కార్డులో ఇమిడిన కాగితం పట్టీ. గీత పడితే మత్తు లేనట్టు, పడకపోతే ఉన్నట్టు. చాలామంది తిరగేసి అనుకుంటారు. గీత లీలగా కనిపించినా లేదనే రాయాలి. ఆ లీలగీత దగ్గరే కొత్తగా చేరిన కుర్రాళ్లు తడబడతారు. పట్టీలో తేడా వస్తే పెద్ద మిషన్ మీద మళ్లీ చూడాలి. ఆ మిషన్ మాలాంటి చిన్న ల్యాబుల్లో ఉండదు.

ఇంకోటి. రోజూ గంజాయి తాగేవాడు మానేసిన మూడు వారాలకి కూడా ఈ టెస్టులో దొరికిపోవచ్చు. రాత్రి ఫుల్లుగా మందు తాగి పెళ్లాన్ని కొట్టినవాడు తెల్లారి తేరుకున్నాక వస్తే దీంట్లో ఏమీ కనిపించదు. మారదామనుకున్నవాడికి బియ్యం కట్, వీడికి మాత్రం సంచి నిండా బియ్యం.

గసగసాల సంగతి చెబితే నవ్వుతారు. ఒక కంపెనీ ఉద్యోగానికి మెడికల్ టెస్టుకొచ్చిన కుర్రాడికి నల్లమందు గడిలో గీత పడలేదు. వాడికి చెమటలు పట్టాయి. "సార్, నేను సిగరెట్ కూడా ముట్టను" అంటాడు. అడగ్గా అడగ్గా ముందురోజు మేనమామ ఇంట్లో పెళ్లి, అక్కడ గసగసాలు దట్టించిన కోడికూర అని తేలింది. గసగసాలు నల్లమందు మొక్క గింజలే కదా. రెండు రోజులాగి మళ్లీ చేస్తే గీత చక్కగా పడింది. ఈలోపు ఆ ఉద్యోగంలోకి ఇంకెవరినో తీసేసుకున్నారు. అమెరికాలో సైతం ఈ గసగసాల గొడవ పడలేకే 1998లో ఆ పరీక్ష హద్దుని మిల్లీలీటరుకి 300 నానోగ్రాముల నుంచి 2,000కి పెంచారు. సంక్రాంతి నెలలో మన దగ్గర రేషన్ డిపో ముందు ఇదే టెస్టు పెడితే ఎంతమంది ఫెయిలవుతారో!

అసలు డిపో దగ్గర ఎక్కడ చేస్తారు? మా డిపోకి బాత్రూమే లేదు. ఈ-పోస్ మిషన్ మీద ముసలమ్మల వేలిముద్ర పడకపోతేనే డీలర్ విసుక్కుంటాడు. సీసాలో నీళ్లు కలపకుండా ఒకరు పక్కన నిలబడి చూడాలి. ఆడవాళ్లకయితే ఆడమనిషి ఉండాలి. ఇంతా చేసి ఆపేది మనిషికి నెలకి 5 కిలోలు. బజార్లో కిలో 45 రూపాయలు వేసుకున్నా 225 రూపాయలు. మేం యూరిన్ డ్రగ్ టెస్టుకి అంతకన్నా ఎక్కువే తీసుకుంటాం.

మా వైపు గంజాయి సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. ఏజెన్సీ నుంచి దిగే సరుకు మా మీదుగానే పోతుంది. గంజాయి కేసుల్లో ఇరుక్కున్న కుటుంబాలకి పథకాలు ఆపేస్తామన్న మాట మన మంత్రుల నోట కూడా వచ్చింది. అమ్మేవాడిని పట్టుకుని జైల్లో వేయండి, కాదనను. కానీ 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డుకి ఇంటి పెద్ద ఆడమనిషే యజమాని. కొడుకు తాగితే బియ్యం ఆగేది తల్లికి, చంటిపిల్లలకి. వాడెలాగూ ఇంట్లో తినడు.

మొన్నామధ్య ఒకావిడ కొడుకుని చెయ్యి పట్టి మా ల్యాబుకి లాక్కొచ్చింది. రిపోర్టులో గంజాయి ఉందనే వచ్చింది. ఆవిడ ఏడవలేదు, వాణ్ణి తిట్టలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, "దీనివల్ల మా కార్డు తీసేత్తారా బాబూ?" అని అడిగింది. తీసేయరమ్మా అన్నాను. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసి కుర్రాణ్ణి చూపించమన్నాను. ఆవిడ ఆ నంబరెప్పుడూ వినలేదు. నిజానికి మా ల్యాబు గోడ మీద షుగర్ ప్యాకేజీ పోస్టరుంది గానీ ఆ నంబరు లేదు. ఆ సాయంత్రమే రాయించాను.

రేపు టెస్టులు పెడితే ఆవిడ మళ్లీ కొడుకుని తీసుకొస్తుందా? ఇంట్లోనే దాచిపెట్టుకుంటుంది. ఈ లేఖకి మీ పేజీలో చోటు లేకపోతే పోనీ, 14446 అనే ఆ నంబరొక్కటైనా ఓ మూలన వేయండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
అనకాపల్లి