ఆ ఫొటో మీ ఫోన్‌కూ వస్తుంది

సంపాదకుడి గారికి,

గత నెల ఒకరోజు పొద్దున్నే నా వాట్సాప్‌కు మా మేడ మీద అద్దెకుండే కుర్రాడి ఫొటో వచ్చింది. ఆధార్ కార్డు పట్టుకుని దిగిన సెల్ఫీ. దాని మీద ఎర్ర అక్షరాలతో ‘దొంగ, డబ్బు ఎగ్గొట్టి తిరుగుతున్నాడు’ అని ఉంది. పంపిన నంబరు మన దేశానిది కాదు. కాసేపటికి పాలు పోసే ఆయన వచ్చి, “ఆయ్, నాకూ వచ్చిందండి” అంటూ ఫోన్ చూపించాడు. గ్యాస్ బండి అబ్బాయికి, ఊళ్లో ఉన్న ఆ కుర్రాడి మేనత్తకు, అతను పనిచేసే కొరియర్ ఆఫీసులో మేనేజరుకు కూడా వెళ్లిందట.

ఆ పూట నేను చేసిన పని చెప్పుకోవాలి. మెట్లెక్కి వెళ్లి, “ఏంటయ్యా ఇది, మా ఇంటి పరువు తీస్తున్నావు” అన్నాను. అతను తలెత్తలేదు. కిందికి దిగి వచ్చాక గానీ నాకు వెలగలేదు, ఆ ఫొటో పంపిన అప్పుల యాప్ వాళ్లకు కావాల్సింది సరిగ్గా ఆ మాటేనని. పైసా జీతం ఇవ్వకుండా నన్ను వసూలు ఏజెంటును చేశారు.

బండి రిపేరు కోసం అతను యాప్‌లో అడిగింది రూ.5,000. ప్రాసెసింగ్ ఫీజనీ, జీఎస్టీ అనీ ముందే కోసుకుని చేతికిచ్చింది రూ.3,100. ఏడో రోజుకల్లా రూ.5,000 కట్టాలి. మా వైపు నూటికి రూ.2 వడ్డీ మామూలు, రూ.5 అంటే అమ్మో అంటాం. ఇది లెక్కేస్తే నూటికి నెలకు రూ.260 దాటింది! గడువుకు ఒకరోజు ముందు నుంచే బూతులతో ఫోన్లు. దాన్ని తీర్చడానికి రెండో యాప్, రెండోదానికి మూడోది.

స్టేషన్‌కు వెళ్తే, “తీసుకునేటప్పుడు తెలీదా? కట్టేసెయ్” అని పంపేశారట. ఈ లేఖ రాయడానికి సగం కారణం ఆ మాటే. అతను అప్పు గురించి చెప్పుకోవడానికి వెళ్లలేదు, బెదిరింపుల మీద ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లాడు. బెదిరించి డబ్బు గుంజడం బాకీ ఉన్నవాడి విషయంలోనూ నేరమే. 2020 డిసెంబరులో తెలంగాణలో వరసగా ఆత్మహత్యలు జరిగాక హైదరాబాద్ పోలీసులు ఈ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసి, చైనా దేశస్థులతో సహా పలువురిని పట్టుకున్నారు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఇలాంటి వేధింపులకే ఓ జంట ప్రాణాలు తీసుకుంది. మా కాకినాడకు అదెంత దూరం? ఇన్నేళ్ల తర్వాత కూడా స్టేషన్‌లో వినిపించే మాట ‘కట్టేసెయ్’ అంటే ఏమనుకోవాలి?

రూల్స్ లేక కాదు. అప్పిచ్చే యాప్ ఫోన్‌లోని కాంటాక్ట్స్, ఫొటోలు, కాల్ లిస్టు జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదనీ చెప్పింది. లైసెన్సున్న సంస్థలకైతే ఇవి పనిచేస్తాయి, వాటి మీద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి గొడవలు వినే అధికారికి, ఫిర్యాదు చేయొచ్చు. అడ్రసే లేనివాడి సంగతి పోలీసులే చూడాలి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయమని అందరూ అంటారు, మంచిదే. కానీ భయపడ్డ మనిషి ముందు నడిచి వెళ్లేది దగ్గర్లోని స్టేషన్‌కే. అక్కడ కాగితం తీసుకుని రసీదు ఇవ్వాలని జిల్లా ఎస్పీలు గట్టిగా చెప్పాలి. నియంత్రణలో ఉన్న సంస్థల యాప్‌ల జాబితాను 2025 జులై నుంచి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైట్‌లో పెడుతోంది. దాన్ని తెలుగులో ప్రింటు తీసి వార్డు సచివాలయాల గోడకు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

నాలాంటి వాళ్లకూ ఒక మాట. అలాంటి ఫొటో వస్తే ఇంకొకరికి చూపించకండి, తీసేయనూ వద్దు. స్క్రీన్‌షాట్ తీసి, నంబరుతో సహా దాచి, ఆ మనిషికి ఫోన్ చేసి “అన్నం తిన్నావా” అని అడగండి. రెండోసారి ఫొటో వచ్చినప్పుడు నేను అదే చేశాను. పాలాయన ఫోన్‌లోదీ, నా ఫోన్‌లోదీ ప్రింట్లు తీయించి, కుర్రాడిని వెంటబెట్టుకుని మళ్లీ స్టేషన్‌కు వెళ్లాం. తెల్లచొక్కా వేసుకున్న ముసలాయన పక్కనుంటే మర్యాద వేరేలా ఉంటుంది మరి. ఫిర్యాదు తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. కేసు నంబరు ఇంకా రాలేదు.

– ఒక రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి, కాకినాడ