ఆవకాయ పార్సిల్‌లో పెట్టిన ఉత్తరం

చిన్నీ,

ఫోన్ ఎత్తడం లేదు కదా, అందుకే రాస్తున్నా. కోపమేం లేదు. ఆవకాయ, కందిపొడి పెట్టాక అట్టపెట్టెలో కాస్త ఖాళీ మిగిలింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. సపోటాలన్నీ ఉడతలపాలే. బుజ్జిగాడికి జ్వరం తగ్గింది. నువ్వు కారు కొన్నావని సుబ్బులు పిన్ని చెప్పింది.

నీ స్టేటస్‌లో చూసిందట. ‘మీకు ముందే తెలుసుగా అక్కా’ అంది. తెలుసనే అన్నాను, ఇంకేమనను? పక్కనే మీ నాన్న అన్నం తింటున్నారు. ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో షెడ్డు నడిపిన మనిషికి చూపించకుండా ఆయన కూతురు 2012 శాంట్రో కొనేసింది. ఈ మాట ఆయన అనలేదు, నేనే అంటున్నా. ఆయన మజ్జిగ పోసుకుంటూ ‘టైమింగ్ బెల్ట్ మార్చారో లేదో’ అన్నారు, అంతే.

ముందు అది కనుక్కో. ఇంజన్ లోపలి భాగాల్ని లయ తప్పకుండా తిప్పేది అదేనట. ఆ బండికి చైన్ కాదట, బెల్టట. అది తెగితే ఎక్కడున్న బండి అక్కడే ఆగిపోతుంది. మార్చామని అమ్మినాయన నోటితో చెబితే లెక్కలోకి రాదు, బిల్లు చూపించాలి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని మార్పించెయ్.

రాంబాబు మావయ్య వాళ్లబ్బాయి ఇంకో మాట చెప్పాడు. అది తర్వాత రాస్తా.

టైర్లు చూశావా? పక్కన డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 3216 అని ఉంటే 2016లో 32వ వారం తయారైన టైరన్నమాట. పాత టైరుకైనా గాడులు లోతుగానే కనిపిస్తాయి గానీ, ఎండకి రబ్బరు బీటలిచ్చి ఉంటుంది. స్టెప్నీ మీద కూడా చూడు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంజన్ ఆయిల్ పొద్దున్నే, బండి తీయకముందే చూసుకోవాలి. చదునుగా ఉన్న చోట ఆయిల్ కొలిచే గేజ్ పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయి. రెండు గీతల మధ్య ఉండాలి. పాల టీ రంగులో కనిపిస్తే నీళ్లు కలుస్తున్నట్టు, ఇక బండి కదపకు. గుడ్డలు పంపిస్తున్నా, నీ పాత నైటీవే. కొత్త టవల్ పాడుచేయకు. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిస్తే ఏం కారుతోందో తెల్లారేసరికి తెలిసిపోతుంది. రేడియేటర్ మూత వేడి మీద తెరవకు, నీకు దణ్ణం పెడతా. అందులో మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు పోయకు, కూలెంటే పోయించు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో నీ పేరు మీదికి మారాలట, ఆర్సీకి 30 రోజులు. ఆ ఆర్సీ కూడా 2027 దాకానే, తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. ఇవన్నీ అడిగి కొన్నావా? సరేలే. లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను.

బ్రేక్ ఆయిల్ మాత్రం వెంటనే మార్పించు. ఎందుకో నీకు గుర్తుండదు, అప్పుడు నువ్వు యూకేజీ. అంబాసిడర్‌లో శ్రీశైలం వెళ్లాం. ముందు సీట్లో అమ్మమ్మ, ఒళ్లో పులిహోర గిన్నె. దర్శనం అయింది, తిరుగు ప్రయాణంలో శిఖరం దగ్గర ఆగి దణ్ణం పెట్టుకున్నాం, దోర్నాల వైపు ఘాట్ దిగుతున్నాం. పెట్రోల్ కలిసొస్తుందని మీ నాన్న న్యూట్రల్‌లో వదిలారు. నలుగురికీ వద్దని చెప్పే మనిషే! మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కుతున్నారు. కాసేపటికి ఏదో కాలుతున్న వాసన. అమ్మమ్మ పులిహోర మూత తీసి వాసన చూసింది, అదేమోనని. ఇంతలో మీ నాన్న పెడల్‌ని రెండుసార్లు, మూడుసార్లు తొక్కుతున్నారు, అది మెత్తగా లోపలికి పోతోంది. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. గేర్‌లో వేశారు, ఇంజన్ ఒక్క అరుపు అరిచింది, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ కొండ వైపు మట్టిలోకి ఎక్కించేశారు. గిన్నె బోర్లా పడింది. నువ్వు నిద్ర కూడా లేవలేదు. చక్రాల దగ్గరికి చెయ్యి పెట్టలేకపోయాం, అంత వేడి. గంటన్నర అలా కూర్చున్నాం. కోతులు వచ్చి పులిహోర మొత్తం తినేశాయి. ఇంటికొచ్చి చూస్తే ఆ బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నేళ్లయిందో మెకానిక్ అయిన ఆయనకే గుర్తులేదు. అది గాలిలో తేమ పీల్చుకుంటుందట, వేడెక్కితే మరుగుతుందట, అప్పుడు పెడల్ మెత్తబడి బ్రేక్ పడదట. రెండేళ్లకోసారి మార్చాలి. దిగుడులో గేర్ తీయకూడదు. ఈ కథ ఆయన ముందు ఎత్తకు.

ఇక రాంబాబు మావయ్య వాళ్లబ్బాయి చెప్పింది. శనివారం రాత్రి పదకొండింటికి, విజయవాడ హైవే మీద కొర్లపహాడ్ టోల్ దాటాక, బానెట్ ఎత్తి రోడ్డు పక్కన ఒక్కదానివే నిలబడ్డావట. వాడు బస్సులో వెళ్తూ చూశాడు, నువ్వేనని గట్టిగా చెప్పలేనన్నాడు. పసుపు చున్నీ అన్నాడు. ఆ చున్నీ నేను కొన్నదే. హైదరాబాద్ నుంచి ఆ రోడ్డు మీద, ఆ వేళప్పుడు, ఇటు వైపు కాకపోతే ఎటు? వస్తున్నట్టు ఒక్క ఫోన్ చేస్తే మీ నాన్న అర్ధరాత్రయినా వచ్చేవారు. తిడతారనా? తిట్టేవారే. తిడుతూనే బాగుచేసేవారు.

మొన్నంతా ఆయన పాత షెడ్డు పెట్టె దులిపారు. జంపర్ కేబుల్స్, టార్చి, ఒక పానా అడుగున ఉన్నాయి. ‘దానికి పనికొస్తాయేమో’ అన్నారు, నా వైపు చూడకుండా. బ్యాటరీకి కేబుల్ పెట్టేటప్పుడు ఎరుపు ఎటో, నలుపు ఎటో కాగితం మీద బొమ్మ కూడా వేశారు. ఆ కాగితం పారేయకు.

ఆవకాయ డబ్బా నిలబెట్టే ఉంచు. మూత సరిగ్గా పట్టలేదు, కింద అట్టముక్క వేశాను. ఆదివారం బయల్దేరితే పగలే బయల్దేరు, సూర్యాపేటలో ఆగి ఫోన్ చెయ్యి. బండి చూడాలని మీ నాన్న ఆ రోజు ఎక్కడికీ వెళ్లడం లేదు.

అమ్మ