ముప్పై ఏళ్ళు పాసులు అమ్మి, టోక్యోలో పాసు కొని

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం జపాన్ వెళ్ళేవాళ్ళకు సూచనలంటూ మీరు ఒక పేజీ వేశారు. అన్నిటికన్నా ముందు ఏడు రోజుల జేఆర్ పాసు (జపాన్ రైల్వేస్ అనే సంస్థ రైళ్ళలో విదేశీ పర్యాటకులు తిరిగే పాసు) కొని దగ్గర పెట్టుకోవాలని, ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి వచ్చే రైలు ఖర్చు కూడా అందులోనే కలిసిపోతుందని రాశారు. సరిగ్గా ఇదే మాట 2025 మార్చిలో మాకు టికెట్లు బుక్ చేసిన ఏజెంటు కూడా చెప్పాడు. నమ్మి కొన్నాం. అందుకే ఈ ఉత్తరం, కాస్త పెద్దదైనా దయచేసి వేసుకోండి.

నేను ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ కాలం సికింద్రాబాద్‌లో బస్ పాసుల కౌంటర్లోనే గడిచింది. తేదీ అయిపోయిన పాసు పట్టుకుని బస్సెక్కి కండక్టర్‌తో గొడవపడి, మళ్ళీ మా దగ్గరికొచ్చి పంచాయితీ పెట్టేవాళ్ళని ఎంతమందిని కసిరానో లెక్కలేదు. అలాంటివాణ్ణి టోక్యోలో అదే తప్పు చేశాను, అదీ ఇద్దరికీ కలిపి లక్ష యెన్లు పెట్టి.

మా అమ్మాయి, అల్లుడు నిషి కసాయ్‌లో ఉంటారు. టోక్యోలో మనవాళ్ళు, ముఖ్యంగా ఐటీ వాళ్ళు, ఎక్కువగా ఉండే చోటు అది, తోజాయ్ అనే మెట్రో లైను మీద వస్తుంది. హైదరాబాద్ నుంచి టోక్యోకి నేరుగా విమానం లేదు కాబట్టి బ్యాంకాక్‌లో మారి ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున నరితాలో దిగాం. ఏజెంటు చెప్పినట్టే ఎయిర్‌పోర్టులోనే పాసు మొదలుపెట్టించి, నరితా ఎక్స్‌ప్రెస్ ఎక్కి గంటలోపే టోక్యో స్టేషన్‌కి వచ్చేశాం. టికెట్ అయితే మనిషికి 3,070 యెన్లు, మాకు పాసులో పోయింది కదా అని మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ గొప్ప అక్కడితో సరి. నరితా ఎక్స్‌ప్రెస్ ఆగే ప్లాట్‌ఫాం టోక్యో స్టేషన్‌లో ఎక్కడో పాతాళంలో ఉంటుంది. అక్కడినుంచి నాలుగు సూట్‌కేసులతో (ఒకదాని నిండా ఆవకాయ, గోంగూర, అరిసెలు, అక్కడ అన్నీ దొరుకుతాయి నాన్నా అని అమ్మాయి మొత్తుకుంటూనే ఉంది) పైకెక్కి, భూమి లోపలే చాలా దూరం నడిచి, తోజాయ్ లైను ఉండే ఓతెమాచి స్టేషన్‌కి చేరాం. గేటు దగ్గర పాసు పెట్టబోతుంటే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. "నాన్నా, ఇది జేఆర్ కాదు, మెట్రో. దీనికి అది పనికిరాదు."

మనవాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పని సంగతి ఇదే. టోక్యోలో రైళ్ళన్నీ ఒకే సంస్థవి కావు. జేఆర్ వేరు, తొమ్మిది లైన్లున్న టోక్యో మెట్రో వేరు, నాలుగు లైన్లున్న తోయ్ సబ్‌వే వేరు, ఇవి కాక కేసే, కేక్యూ లాంటి ప్రైవేటు రైలు కంపెనీలు వేరు. జేఆర్ పాసు జేఆర్ రైళ్ళకే. ఊరు చుట్టూ తిరిగే యమనోతే లైను జేఆర్‌దే కాబట్టి అందులో చెల్లుతుంది, దాని కింద నుంచి పోయే మెట్రోలో చెల్లదు. బయటినుంచి చూసేవాడికి మాత్రం అంతా ఒకే స్టేషన్‌లాగే ఉంటుంది. మేం ఉండే ఇంటినుంచి కాలు బయటపెడితే ఉన్నది మెట్రో ఒక్కటే. అంటే పాసు జేబులో ఉన్న ఏడు రోజులూ అటూ ఇటూ తిరగడానికి టికెట్ డబ్బులు వేరేగా పెట్టుకున్నాం.

ఇక అసలు దెబ్బ. మా క్యోటో ప్రయాణం అమ్మాయికి శుక్రవారం సగం రోజు సెలవు దొరికితే తప్ప కుదరదు. శుక్రవారం సాయంత్రం వెళ్ళి ఆదివారం రాత్రికి తిరిగి రావాలనేది ప్లాను. ఏడు రోజుల పాసు శనివారం మొదలైతే శుక్రవారం అర్ధరాత్రితో అయిపోతుంది. మధ్యలో వాడుకోకపోయినా రోజు రోజే. కాబట్టి క్యోటో వెళ్ళేటప్పుడు పాసు, వచ్చేటప్పుడు జేబులోంచి డబ్బులు! ఎయిర్‌పోర్టులో 3,070 యెన్లు మిగిలాయని మురిసిపోయి, అందుకోసం ఆరు రోజులు ముందుగా పాసు మొదలుపెట్టుకున్నాం. ఈ మాట గురువారం రాత్రి అల్లుడు క్యాలెండర్ ముందు పెట్టి మెల్లగా చెప్పాడు. ఏమీ అనలేదు పాపం, నవ్వు మాత్రం ఆపుకుంటున్నట్టు కనిపించింది.

లెక్క చెబుతాను, పాసుల కౌంటర్ బుద్ధి ఎక్కడికి పోతుంది. ఏడు రోజుల మామూలు జేఆర్ పాసు 50,000 యెన్లు. మేం వాడింది: నరితా ఎక్స్‌ప్రెస్ ఒకసారి 3,070, క్యోటోకి హికారి అనే బుల్లెట్ రైలు రిజర్వు సీటు ఒకవైపు 13,850, మధ్యలో యమనోతే రెండు మూడుసార్లు. ఎలా చూసినా 18 వేలు దాటదు. మనిషికి 32 వేలు, ఇద్దరికీ 64 వేల యెన్లు గాల్లో కలిశాయి. అప్పటి రేటు ప్రకారం మన డబ్బుల్లో 37, 38 వేల రూపాయలు. సరే, క్యోటోకి రానుపోను రెండు వైపులా వాడుకున్నా 32 వేలు దాటేది కాదు.

ఇది ఒక్క మా తెలివితక్కువతనమే అయితే పేపర్‌కి రాసేవాణ్ణి కాను. 2023 అక్టోబర్‌కి ముందు ఈ పాసు ధర 29,650 యెన్లు. అప్పుడు టోక్యో, క్యోటో తిరిగొస్తే చాలు, కాస్త అటూ ఇటుగా గిట్టుబాటయ్యేది, అందుకే అందరూ కొనమని చెప్పేవారు. ఆ అక్టోబర్‌లో ధర ఒక్కసారిగా 50,000 అయింది. ధర మారింది కానీ సలహా మారలేదు, పాత వ్యాసాల్లోంచి కొత్త వ్యాసాల్లోకి అలాగే నడిచి వస్తోంది. ఇప్పుడు టోక్యో నుంచి వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న హకాతాకి రానుపోను టికెట్లు విడిగా కొన్నా 47 వేలలోపే అవుతుంది. అంటే దేశం ఆ కొసదాకా వెళ్ళొచ్చినా పాసు డబ్బులు పూర్తిగా రావు! ఏడు రోజుల్లో రోజు విడిచి రోజు దూరప్రయాణాలు చేసేవాళ్ళకి తప్ప దీనివల్ల లాభం లేదు, అరవై దాటిన దంపతులు అలా తిరుగుతారా? పైగా అన్నిటికన్నా వేగంగా వెళ్ళే నొజోమి రైలు ఎక్కాలంటే పాసు ఉన్నా క్యోటోకి ఇంకో 4,960 యెన్లు కట్టాలి. మన సిటీ బస్సుల్లో ఆర్డినరీ పాసు ఉన్నవాడు మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాంబి టికెట్ కొట్టించుకోడూ, అలాగన్నమాట. అయితే మన కాంబి టికెట్ చిల్లర డబ్బులు, అక్కడిది దాదాపు మూడు వేల రూపాయలు.

మరి ఏం చేయాలి అంటే, ముందు మీరు దిగబోయే ఇల్లో హోటలో ఏ స్టేషన్ దగ్గర ఉందో చూసుకోండి. ఎయిర్‌పోర్టు నుంచి ఏ రైలన్నది దాన్నిబట్టే తేలుతుంది, పాసునుబట్టి కాదు. నరితా టోక్యోలోనే లేదు, పక్కనున్న చిబా జిల్లాలో ఉంది, ఊరికి అరవై కిలోమీటర్ల పైమాటే. అక్కడ టాక్సీ అంటే 20 వేల యెన్లకి పైనే, ఆ ఊసు వదిలేయండి. ఉయెనో, అసకుసా వైపు హోటల్ అయితే కేసే వాళ్ళ స్కైలైనర్ బాగుంటుంది, నిప్పొరికి నలభై నిమిషాల్లోపు, 2,500 యెన్ల చిల్లర. షింజుకు, షిబుయా వైపు అయితే నరితా ఎక్స్‌ప్రెస్ నేరుగా పోతుంది, విదేశీయులకి రానుపోను కలిపి 5,000 యెన్ల టికెట్ విడిగానే ఇచ్చేవారు మేం వెళ్ళినప్పుడు, 14 రోజుల్లో తిరుగు ప్రయాణం చేయాలి. టోక్యో స్టేషన్ దగ్గరే దిగేవాళ్ళకి 1,500 యెన్ల బస్సు ఉంది, సామాను కింద పెట్టించుకుని కూర్చోవచ్చు, మన పుష్పక్ బస్సు ఎక్కినట్టే.

మాలాగా నిషి కసాయ్ వెళ్ళేవాళ్ళకైతే వీటిలో ఏదీ అక్కర్లేదు. నరితా నుంచి యాక్సెస్ ఎక్స్‌ప్రెస్ అని మామూలు లోకల్ రైలు లాంటిది ఒకటి ఉంది. రిజర్వేషన్ లేదు, బెంచీ సీట్లు. అది నేరుగా నిహొంబాషి దాకా వస్తుంది, అదే స్టేషన్‌లో తోజాయ్ లైను ఎక్కేయొచ్చు. నిహొంబాషికి 1,400 యెన్ల లోపే. తిరుగు ప్రయాణంలో మేం దీంట్లోనే వెళ్ళాం. పాతాళం లేదు, ఆ నడకా లేదు. నరితా ఎక్స్‌ప్రెస్‌లో సగం ధర కూడా కాదు, మొత్తం ప్రయాణానికి పట్టిన టైమూ ఇంచుమించు అంతే. పాసు ఉందన్న ధీమాతో మొదటిరోజు ఈ దారి గురించి అడగనే లేదు మేం. ఇక మీకు టోక్యో రెండో ఎయిర్‌పోర్టు హనేదాకి విమానం దొరికితే సగం టెన్షన్ పోయినట్టే, అది ఊళ్ళోనే ఉంది, కేక్యూ రైల్లో షినగావాకి 300 యెన్ల చిల్లర, 1964 నుంచి నడుస్తున్న మోనోరైలు అయితే హమమత్సుచోకి దించుతుంది. విమానం టికెట్ నాలుగైదు వేల రూపాయలు ఎక్కువైనా పెద్దవాళ్ళకి హనేదాయే నయం అని నా అభిప్రాయం. అర్ధరాత్రి అయ్యేసరికి రైళ్ళు ఆగిపోతాయి కాబట్టి రాత్రి పొద్దుపోయి దిగే విమానం మాత్రం ఏ ఎయిర్‌పోర్టుకీ తీసుకోవద్దు.

పాసు కొనాలని సరదా ఉంటే ఒకటి ఉంది, చిన్నది. టోక్యో సబ్‌వే టికెట్ అని విదేశీ పర్యాటకులకి ఇస్తారు, 72 గంటలది మేం వెళ్ళినప్పుడు 1,500 యెన్లు. మెట్రో తొమ్మిది లైన్లు, తోయ్ నాలుగు లైన్లు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. ఇది రోజుల లెక్క కాదు, గంటల లెక్క, అందుకే నాకు నచ్చింది. మధ్యాహ్నం మూడింటికి మొదటి గేటు దాటితే మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం మూడింటి దాకా ఉంటుంది. నిషి కసాయ్ నుంచి ఓతెమాచికి ఒకవైపే 210 యెన్లు కదా, రోజుకి మూడుసార్లు ఎక్కితే డబ్బులు వచ్చేస్తాయి. అసకుసా గుడి, ఉయెనో పార్కు, గింజా, త్సుకిజి, షిబుయా అన్నీ దీంతోనే చూశాం. యమనోతేకి ఇది చెల్లదు, మళ్ళీ అదే కథ. డిస్నీల్యాండ్‌కి దిగే మైహామా కూడా జేఆర్ స్టేషనే.

ఇవేవీ తలకెక్కకపోతే సుయికా కార్డు ఒక్కటి చాలు. డబ్బు వేసుకుని గేటు దగ్గర ఆనిస్తే ఏ కంపెనీ రైలైనా లెక్క అదే చూసుకుంటుంది, బస్సుల్లోనూ కిరాణా కొట్లలోనూ పనిచేస్తుంది. ఐఫోన్ ఉన్నవాళ్ళు ఫోన్లోనే పెట్టుకోవచ్చు. మన దగ్గర కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు కుదరదు, గేటుకి ఆనిస్తే పనిచేసే జపాన్‌వాళ్ళ ఫెలికా ఏర్పాటు వాటిలో ఉండదు. నేను అరగంట కుస్తీపట్టి వదిలేశాను. ప్లాస్టిక్ కార్డు తీసుకోండి, డబ్బు వేయడానికి చేతిలో నోట్లు ఉంచుకోండి, స్టేషన్‌లో మిషన్లు క్రెడిట్ కార్డు తీసుకోవు చాలాచోట్ల. అయితే టోక్యోలో లోపలికి వెళ్ళి క్యోటోలో బయటికి రావడానికి సుయికా పనికిరాదు, షింకాన్సెన్‌కి, అంటే బుల్లెట్ రైలుకి, టికెట్ విడిగా కొనాలి. ఆరేళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు, పెద్ద మనిషికి ఇద్దరి చొప్పున. ఆరు నుంచి పదకొండు దాకా సగం.

సామాను గురించి ఒక్క మాట. దాదాపు ప్రతి స్టేషన్‌కీ లిఫ్టు ఉంటుంది, కానీ ప్రతి ద్వారం దగ్గరా ఉండదు, ఏ నంబరు ఎగ్జిట్‌లో ఉందో ముందే అడిగి పెట్టుకోండి, లేదంటే మెట్లే. మోయలేమనుకుంటే ఎయిర్‌పోర్టులోనే కౌంటర్లో ఇచ్చేస్తే మర్నాడు ఇంటికి చేరుస్తారు, పెట్టెకి రెండు మూడు వేల యెన్లు. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా పెట్టెలతో తోజాయ్ లైను మాత్రం ఎక్కకండి. సికింద్రాబాద్ స్టేషన్‌లో పండగ రద్దీ చూసినవాణ్ణే, నాకే భయమేసింది.

నేను రాసిన ధరలు 2025 ఏప్రిల్ నాటివి, వెళ్ళే ముందు మళ్ళీ చూసుకోవాలి. మీరు కూడా అలాంటి పేజీలు వేసినప్పుడు ధర ఏ నెల నాటిదో పక్కన ఒక ముక్క వేయండి, పాసు గిట్టుబాటు కావాలంటే ఎంత తిరగాలో ఇంకో ముక్క. మా కౌంటర్లో కూడా రోజుకి ఒక్కసారి బస్సెక్కేవాడు నెల పాసు అడిగితే, వద్దు బాబూ టికెట్ కొనుక్కో అని చెప్పేవాళ్ళం.

వచ్చే నెల మా వియ్యంకులు టోక్యో వెళ్తున్నారు. ఏజెంటు అప్పుడే పాసుకి డబ్బు కట్టమని మెసేజ్ పెట్టాడట. నేను చెప్పాను, వాళ్ళ కన్నకొడుకు, అంటే మా అల్లుడు కూడా ఫోన్ చేసి చెప్పాడు, అయినా పేపర్లో రాశారు కదండీ అంటున్నారు. ఈ ఉత్తరం కూడా పేపర్లోనే వస్తే, అదీ ఈ శనివారంలోపు వస్తే, చదువుతారని ఆశ.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ ఉద్యోగి,
సికింద్రాబాద్