2025–26 వార్షిక నివేదిక: రోడ్డు, బస్సు, కాలనీ అభిప్రాయ సేకరణ

(గోపాలపట్నం, విశాఖపట్నం. కాలనీల నివాసుల సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది)

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, అన్ని లైన్ల నుంచి వచ్చిన పెద్దలకు, అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో ఇక్కడ కూర్చున్న వారికి మళ్లీ చెప్పనక్కర్లేదు. పోయిన సమావేశంలో మీరంతా చేతులెత్తి ఒక తీర్మానం చేశారు. చెత్త, కాలువలు, వీధి దీపాల సంగతి వార్డు సచివాలయానికి చెప్పి చేయించుకోవచ్చు, ఈ ఏడాది సంఘం రోడ్డు మీద, బస్సు మీద పట్టు పట్టాలి అన్నారు. పట్టాం. అందుకే ఈ నివేదికలో ముప్పాతిక వంతు అదే ఉంటుంది.

ముందుగా కృతజ్ఞతలు. చివర్లో పెడితే అప్పటికి సగం మంది టిఫిన్ల వైపు వెళ్లిపోతారని అనుభవం మీద తెలిసింది. అడిగినప్పుడల్లా కమ్యూనిటీ హాలు తాళాలిచ్చిన వాచ్‌మన్ దంపతులకు, కుర్చీలకు అద్దె తీసుకోని టెంట్ హౌస్ వారికి, మైకు సెట్టిచ్చిన ఆలయ కమిటీకి, వినతిపత్రాలకు సగం ధరకే జిరాక్సులు తీసిన నాలుగో లైను మలుపు షాపు తమ్ముడికి ధన్యవాదాలు. ఉత్తరాలన్నీ తప్పుల్లేకుండా రాసిపెట్టింది రైల్వేలో పనిచేసి రిటైరైన మన ఉపాధ్యక్షులు గారు. ఆయన డ్రాఫ్టు చూసి ఒక ఆఫీసులో సూపరింటెండెంటు గారు లేచి నిలబడి మరీ తీసుకున్నారు. మహిళా విభాగానికి ధన్యవాదాలు వేరే చెబుతాను, దానికి వేరే పేరా కావాలి. స్టాపు దగ్గర నిలబడి ఏ బస్సు ఎక్కడ ఆగుతోందో రాసిపెట్టిన ఇంజినీరింగ్ పిల్లలకు, వారిని పొద్దున్నే లేపి పంపిన తల్లులకు కూడా.

డివైడర్ గొడవ

పెందుర్తి నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వేసిన బీఆర్టీఎస్ రోడ్డు (బస్సులకు వేరే వరుసలు ఉండే రోడ్డు) మన ముంగిట్లోంచే పోతుంది. నగరాల అభివృద్ధికి కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద నగరానికి రెండు బీఆర్టీఎస్ కారిడార్లు వచ్చాయి, పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం వైపు ఒకటి. ప్లాను ప్రకారం మధ్య వరుసలు బస్సులవి. మనకు రోజూ కనిపించేది బస్సు వరుసలో కారు, కారు వరుసలో ఆటో, ఆటో వరుసలో మనం.

కిందటి వర్షాకాలం అయ్యాక మన కాలనీ ఎదురుగా ఉన్న డివైడర్ కట్టింగ్ (అవతలికి దాటడానికి మధ్యలో వదిలిన ఖాళీ) మూసేస్తారని కబురొచ్చింది. కబురంటే నోటీసు కాదు. ఒకాయన వచ్చి సుద్దతో గీతలు గీస్తుంటే టీకొట్టు దగ్గర మనవాళ్లు అడిగారు, మూసేస్తున్నాం అన్నాడు. ఎవరు చెప్పారంటే పైవాళ్లు అన్నాడు. పైవాళ్లు ఎవరో తెలుసుకోవడానికే వారాలు పట్టింది.

మూస్తే బండి మీద వెళ్లేవాళ్లు యూ టర్న్ కోసం చాలా దూరం పోవాలి. పోరు, ఎదురు దారిలోనే వస్తారు. నడిచేవాళ్లు డివైడర్ ఎక్కి దూకుతారు. మూయకపోతే మొదటి లైను వాళ్ల బాధ వేరు. బడి వ్యాను మలుపు తిరిగేటప్పుడు వెనక నుంచి వచ్చే వాహనం ఆగదు, అక్కడ దెబ్బలు తగిలింది వాళ్ల పిల్లలకే. కాలనీ రెండు పక్షాలైంది. వాట్సాప్ గ్రూపులో జరిగిన యుద్ధం మీకందరికీ తెలుసు, అందులో అన్న మాటలు ఈ నివేదికలోకి తేవడం లేదు.

ముగ్గు మీద సభ

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నేను గట్టిగా చెప్పుకోదలచినది ఇదొక్కటే.

అభిప్రాయ సేకరణ సభ పెడదాం అనుకున్నాం. మామూలుగా పెడితే మైకు పట్టుకున్న నలుగురే మాట్లాడతారు. మహిళా విభాగం అధ్యక్షురాలు గారు ఒక ఉపాయం చెప్పారు. ధనుర్మాసం నెలగంట పెట్టేశాం కదా, ఎలాగూ రోజూ ముగ్గులు వేస్తున్నాం, మన రోడ్డునే ముగ్గుగా వేద్దాం అన్నారు.

ఆదివారం తెల్లారేసరికి హాలు ముందు గచ్చంతా కడిగారు. ముగ్గుపిండితో మెయిన్ రోడ్డు, బస్సుల వరుసలు, మధ్యలో డివైడర్, మన లైన్లు, బడి, పెట్రోలు బంకు అన్నీ గీశారు. కాలువకు నీలం రంగు, బస్టాపులకు పసుపు. గుడి ఉన్నచోట గొబ్బెమ్మ పెట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నచోట ఎర్ర ఇటుక నిలబెట్టారు. వచ్చిన ప్రతి మనిషి చేతిలో నాలుగు చింతపిక్కలు పోసి ఒకటే చెప్పాం: మీరు పడినచోట, పడబోయి తప్పించుకున్నచోట పెట్టండి. మాట్లాడక్కర్లేదు.

మొదట్లో మొహమాటపడ్డారు. బడి పిల్లలు దిగాక అందరూ దిగారు. రైతుబజారుకి కూరలు మోసే అవ్వ ఒకామె పిక్కలు లెక్కపెట్టుకుని, "నాకీ నాలుగూ సాలవు బాబూ, ఇంకో గుప్పెడియ్యి" అంది. ఆటో స్టాండు వాళ్లు ముందు దూరంగా నిలబడ్డారు, తమ మీదకే వస్తుందని. తర్వాత వాళ్లూ పెట్టారు, వాళ్లకీ దెబ్బలు తగిలాయి.

పిక్కల కుప్ప కట్టింగ్ దగ్గర పడుతుందని రెండు పక్షాల వారూ అనుకున్నారు. అక్కడ పడింది కొన్నే. కుప్ప పడింది దానికి కాస్త ఇవతల, ఇటుక పెట్టిన మూల. బంకు పక్క నుంచి వచ్చే దారి మెయిన్ రోడ్డును అక్కడే కలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె అడ్డం వల్ల వచ్చే బండి కనబడదు. బస్సు షెల్టరు దాటి వచ్చి ఆ మూలనే అడ్డంగా ఆగుతోంది, జనం అక్కడికే పరుగెడుతున్నారు. ఇంజినీరింగ్ పిల్లలు ఉదయం 7 నుంచి 10 దాకా స్టాపులో రాసుకున్న కాగితాలూ అదే చెప్పాయి. అప్పటిదాకా మూయాలా వద్దా అని కొట్టుకున్నవాళ్లు ఆ మూల చుట్టూ చేరి ఒకే మాట మీదకు వచ్చారు.

ట్రాఫిక్ విభాగం నుంచి వచ్చిన అధికారి గారు కాసేపు గచ్చు అంచునే నిలబడి చూశారు. తర్వాత బూట్లు విప్పి, గీతలు చెరక్కుండా అడుగులు వేస్తూ ఆ కుప్ప దాకా వెళ్లి గొంతుక్కూర్చున్నారు. ఫొటో తీయించి తన ఫోనులో పెట్టుకున్నారు. వారికి సంఘం తరఫున నమస్కారాలు. పిలిచిన ఇంకో కార్యాలయం నుంచి ఎవరూ రాలేదు. వారి కోసం వేసిన కుర్చీలో ఎవరి మనవడో ఎక్కి సభ అయ్యేదాకా ఆడుకున్నాడు.

ఫలితం: కట్టింగును పూర్తిగా మూయలేదు. నడిచేవాళ్లు దాటేంత దారి వదిలి, బండ్లు దూరకుండా బారికేడ్లు పెట్టారు. జీబ్రా గీతలు వేశారు (అప్పుడే సగం చెరిగాయి). బస్సులు షెల్టరు దగ్గరే ఆగేలా బోర్డు జరిపారు, ఇప్పుడు చాలా బస్సులు అక్కడే ఆగుతున్నాయి, అన్నీ కాదు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ గురించి

జరపడానికి అంచనా ఎవరు వేయాలో, ఖర్చు ఎవరు పెట్టుకోవాలో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద అడిగాం. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చింది, దరఖాస్తును మరో కార్యాలయానికి బదిలీ చేశామని. ఆ కార్యాలయం ఇంకో కార్యాలయానికి పంపింది. అది తిరిగి మొదటి కార్యాలయానికే వచ్చి చేరింది. మొదటి అప్పీలు వేశాం. మరోచోట ఇచ్చిన అర్జీకి "పరిష్కరించబడింది" అని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ సందేశం చదువుతూ నేను ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే నిలబడి ఉన్నాను.

స్వచ్ఛంద సేవకుల సంగతి

ఇది చెప్పక తప్పదు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ నాడు 32 కిలోమీటర్లు నడిచే భక్తులు మన గోపాలపట్నం మీదుగానే వెళ్తారు. ఆ రాత్రి మజ్జిగ పంచడానికి, దారి చూపడానికి, తాడు పట్టుకోవడానికి ఎంతమంది వచ్చారో చూశాం. పట్టుకోవడానికి తాడు చాల్లేదు. అప్పన్న సేవ, సంతోషం. అదే మనుషులు సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర టోకెను లైన్లో నిలబడటానికి రండంటే రారు. ఒక్కోసారి నేను, కోశాధికారి గారు తప్ప ఇంకెవరూ లేరు. రవాణా ఉపసంఘంలో పేర్లిచ్చిన వారిలో చాలామంది ముఖాలు ఈ రోజే చూస్తున్నాను, స్వాగతం. గ్రూపులో "ఏం చేస్తోంది సంఘం?" అని రాత్రి పదకొండింటికి పెట్టేవారు, పొద్దున్న పదకొండింటికి ఒక్క గంట ఇస్తే చాలు.

ఉచిత బస్సు, ఆటోలు

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే స్త్రీశక్తి పథకం మొదలయ్యాక మన స్టాపులో జనం రూపే మారింది. పని మనుషులు, నర్సులు, కాలేజీ అమ్మాయిలు సర్వీసు ఆటో వదిలి బస్సు ఎక్కుతున్నారు. నెలకు మిగిలిన డబ్బుతో ఏం చేస్తున్నారని మహిళా విభాగం అడిగితే పిల్లల ట్యూషను అన్నవాళ్లున్నారు, చీటీ అన్నవాళ్లున్నారు. ఉదయం పూట బస్సులు కిక్కిరిసి ఉన్నాయి, ముసలివారు ఎక్కలేకపోతున్నారు. పొద్దుటి పూట అదనపు ట్రిప్పులు వేయమని రాశాం.

ఆటో వాళ్లు కూడా సంఘానికి వచ్చారు. ప్రభుత్వం ఏడాదికి ఇస్తున్న 15,000 రూపాయల సాయం అందినవాళ్లు ఉన్నారు, బండి ఇంకొకరి పేరున ఉండి రానివాళ్లూ ఉన్నారు. బస్సు వెళ్లని లోపలి లైన్ల నుంచి స్టాపు దాకా ఆటోలు తిప్పితే ఇద్దరికీ మేలని ఒక మాట అనుకున్నాం. రేటు దగ్గర ఆగింది.

ఫుట్‌పాత్ మీద తోపుడు బండ్లు పెట్టి అమ్ముకునేవారిని ఖాళీ చేయించాలని సంఘం తీర్మానం చేయాలని కొందరు పట్టుబట్టారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం దానికి టౌన్ వెండింగ్ కమిటీ ఉంటుంది, అందులో నలభై శాతానికి తక్కువ కాకుండా వ్యాపారులే ఉండాలి. వాళ్లను పిలవకుండా వాళ్ల మీద తీర్మానం చేస్తే, మనల్ని అడక్కుండా సుద్దగీత గీసినవాళ్లను మనం అడగడానికి ఉండదు. దీని మీద అలిగి సభ్యత్వం మానేసిన ఇద్దరు మిత్రులు తిరిగి రావాలని మనవి.

మెట్రో

మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్లు, మూడు కారిడార్లు: స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాది, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు. మన వైపుకి రాదు. మనకు దగ్గరయ్యేది ఎన్‌ఏడీ కొత్తరోడ్డే. అందుకని మన వినతిపత్రంలో స్టేషను అడగలేదు. ఎన్‌ఏడీలో దిగిన మనిషి వంతెనల కింద ఎటు దాటి పెందుర్తి బస్సు, సింహాచలం బస్సు ఎక్కాలో ఆ దారి, ఆ స్టాపు ఇప్పుడే ప్లానులో పెట్టమని అడిగాం. "మెట్రో వచ్చినప్పుడు చూద్దాంలే" అన్న పెద్దలకు ఒకటే మనవి. స్తంభాలు లేచాక మెట్లు జరపమని అడిగితే ఏమవుతుందో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చూస్తున్నాం.

ఇంకో మాట. జనాభా మూడు లక్షలు, ఆపైన ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణలోని 243-ఎస్ అధికరణం చెబుతోంది. 2021 ఎన్నికల నాటికి జీవీఎంసీలో (మన నగరపాలక సంస్థలో) 98 వార్డులు. మన వార్డులో అలాంటి కమిటీ కూర్చుంటే అందులో బస్సు, కాలినడక గురించి మాట్లాడే మనిషి ఒకరైనా ఉండాలని లేఖ ఇచ్చాం.

లెక్కలు

ఆడిట్ అయిన జమాఖర్చుల పత్రం వెనక అతికించాం, చూసుకోగలరు. జమలో ఎక్కువ భాగం చందాలే. ఖర్చులో జిరాక్సులు, రిజిస్టరు పోస్టు, మజ్జిగ పెద్ద పద్దులు. సొసైటీల రిజిస్ట్రార్‌కు పంపాల్సిన పత్రాలు వెళ్లాయి. చందా బాకీ ఉన్నవారి పేర్లు చదవమని కోశాధికారి గారు అడిగారు, ఈసారికి వద్దన్నాను.

సమావేశం ముందున్న తీర్మానాలు

ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో రెండో అప్పీలు దాకా వెళ్లడానికి కార్యవర్గానికి అధికారం ఇవ్వాలి. ముగ్గు సభను ఈసారి సంక్రాంతికి ముందే స్టేషన్ రోడ్డు వైపు లైన్లకు కూడా చేయాలి. ఆ వైపు నుంచి గచ్చున్న చోటు చూపించేవారు కావాలి. రవాణా ఉపసంఘంలో పేర్లు కొత్తగా రాసుకుంటాం. పేరు పక్కన ఏ వారం, ఏ పూట వస్తారో కూడా రాయాలి, అది రాయని పేర్లు తీసుకోం. పుస్తకం టిఫిన్ల బల్ల మీదే ఉంది, ప్లేటు పక్కన పెన్ను పెట్టాం.

ఇట్లు,
కార్యదర్శి