మా సందు మొగలో ఆగిన ఫైరింజన్

ఒరేయ్ మామా,

ఎట్లా ఉన్నావు? చిత్తూరులో ఎండలు ఎట్లున్నాయి? ఈ సంగతి ఫోన్‌లో చెబితే నాకు తృప్తి ఉండదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

పోయిన మంగళవారం పొద్దున మా పక్క వాటా అక్క దోసెలు పోస్తుంటే స్టవ్ వెనక గ్యాస్ ట్యూబు పగిలి మంట అంటుకుంది. పిల్లల్ని లాక్కుని బయటికొచ్చి ఒకటే కేకలు. నేను 101కి చేశాను. నా గొంతు వణుకుతుంటే అవతలాయన నిదానంగా అడిగాడు: ఎక్కడ, ఏం కాలుతోంది, లోపల మనుషులున్నారా? సగం టెన్షన్ అక్కడే తగ్గింది.

బండి తొందరగానే వచ్చింది. కానీ మా సందు నీకు తెలుసు కదా, రెండు పక్కలా బైకులే. మొగలోనే ఆగిపోయింది. వాళ్లు మమ్మల్ని ఒక్క మాట అనలేదు మామా. చుట్టలు చుట్టిన హోస్ పైపుల్ని నేలమీద దొర్లించి, ఒకదానికొకటి తగిలించుకుంటూ పరుగెత్తారు.

లోపల సిలిండర్ దగ్గర మంట బుస్సుమంటోంది. వాళ్లలో పెద్దాయన తడిపిన గోనెసంచిని ముఖానికి అడ్డం పట్టుకుని, వంగి, మెల్లగా ముందుకు పోయి సిలిండర్ తలమీద కప్పేశాడు. మంట ఆరగానే రెగ్యులేటర్ కట్టేశాడు. నేను లైటు వేయబోతే చెయ్యి పట్టుకున్నాడు. గ్యాస్ గాలికన్నా బరువంట, నేలను అంటుకునే ఉంటుందంట, స్విచ్‌లో పుట్టే రవ్వ చాలంట. ముందు తలుపులూ కిటికీలూ తీయించాడు.

తర్వాత మా అరుగుమీద టీ తాగుతూ మాట్లాడారు. బండిలో 4,500 లీటర్ల నీళ్లే పడతాయంట. అందుకే మంట పెద్దదయ్యేలోపే చేరుకోవాలి, దారిలో పోయే ప్రతి నిమిషం వాళ్లకు లెక్కే. ఏప్రిల్ 14న వాళ్లు వారోత్సవాలు ఎందుకు మొదలుపెడతారో అప్పుడే తెలిసింది. 1944లో అదే రోజు బొంబాయి రేవులో పేలుడు సామాను, పత్తి బేళ్లు ఉన్న ఫోర్ట్ స్టికిన్ ఓడ అంటుకుంటే, ఆర్పడానికి పోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దాయన గ్లాసు కింద పెట్టేశాడు. నాకు నోట మాట రాలేదు.

వాళ్ల శాఖ పేరులో విపత్తుల స్పందన కూడా ఉంది. 2021 నవంబర్‌లో మన తిరుపతి వీధులు ఏరులైన రోజులు గుర్తున్నాయి కదా? నిప్పైనా నీళ్లైనా మనం పిలిచేది ఈ మనుషుల్నే.

ఆ సాయంత్రమే సందులో బైకులన్నీ ఒకే పక్కకు మార్చాం. సున్నంతో గీత కూడా గీశాం.

పోయేముందు పెద్దాయన మా వంటింట్లో ట్యూబు తిప్పి, దానిమీద అచ్చేసిన ఏడాది చూపించాడు. అయిదేళ్లకొకసారి మార్చాలంట. మాది 2016ది! ఆ రోజే కొత్తది వేయించాను. మీ ఇంట్లోది అమ్మను అడిగి, ఏ ఏడాదిదో చూసి నాకు రాయి.

నీ
మామ