రికార్డు పుస్తకాల్లోనే ముగుస్తున్న న్యాయ శిక్షణ

సంపాదకులకు,

అయ్యా,

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్య నిబంధనల్లో మూట్ కోర్టు (నమూనా న్యాయస్థానం) పేపరుకు ఉన్న 100 మార్కుల్లో 30 మార్కులు ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణను విద్యార్థి స్వయంగా కోర్టులో కూర్చుని గమనించినందుకు, మరో 30 కక్షిదారుతో మాట్లాడి వివరాలు రాబట్టి కేసు సిద్ధం చేయడం నేర్చుకున్నందుకు కేటాయించారు. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ కూడా తప్పనిసరి. నిబంధనలకేం, బాగానే ఉన్నాయి. ఈ పనులన్నీ నమోదు చేయాల్సిన రికార్డు పుస్తకాన్ని ముందు బ్యాచ్ వారిది చూసి పేర్లు మార్చి ఎత్తిరాసి తెచ్చినా మార్కులు పడిపోతుండటమే బాధాకరం.

మన గోదావరి డెల్టాలో సివిల్ దావాలు చాలావరకు గట్టు తగాదాలు, బోదె (పొలం కాలువ) నీటి వంతులు, కౌలు పేచీల చుట్టూ తిరుగుతాయి. పక్కనున్న రొయ్యల చెరువు ఊటతో వరిచేను చౌడు బారిందని ఒక రైతు దావా వేస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ రూలు కింద కోర్టు, స్థలాన్ని పరిశీలించి నివేదిక ఇచ్చేందుకు, అడ్వకేట్ కమిషనర్‌ను నియమించవచ్చు. ఆయన వెంట గట్టు మీద నడిచిన విద్యార్థికి ఎఫ్‌ఎంబీ స్కెచ్ (పొలం హద్దుల సర్వే పటం)లోని గీత ఏ సర్వే రాయి దగ్గర మలుపు తిరిగిందో, ఆ రాయి అసలు అక్కడ ఉందో, పెరికేశారో కళ్లకు కడుతుంది. తెల్లగా ఉప్పు పేరిన మట్టిని వేళ్లతో నలిపి, బోదె నీటిని నాలుకకు అంటించుకుని చూసినవాడికి నమూనా తీయించి ల్యాబ్‌కు పంపమని దరఖాస్తు వేయాలన్న ఆలోచన దానంతటదే వస్తుంది. నాలుకకు తగిలిన ఉప్పదనం సాక్ష్యం కాదు, నిజమే; కానీ కమిషనర్ నివేదికలోని లోపం పట్టుకోవడానికి తరగతి గదిలో చెప్పే నోట్సు కన్నా అదే ఎక్కువ అక్కరకొస్తుంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తుతో) కూడిన సర్టిఫికెట్ జతచేయాలి. ఫోనులోని ఒక వీడియోకైనా ఆ పత్రం తన చేత్తో తయారుచేయని విద్యార్థికి పట్టా ఇవ్వడం సబబు కాదు.

జిల్లా జడ్జీల అనుమతితో కళాశాలలకు విచారణ రోజులు ముందుగా కేటాయించాలి. ఇరుపక్షాల సమ్మతి ఉన్న కేసుల్లో కమిషనర్ వెంట ఇద్దరు ముగ్గురు విద్యార్థులను అనుమతించాలి. వైవాలో (మౌఖిక పరీక్షలో) రికార్డు పక్కనపెట్టి, ఒక ఎఫ్‌ఎంబీ స్కెచ్, ఒక పాత దస్తావేజు చేతికిచ్చి హద్దులు చెప్పించేలా విశ్వవిద్యాలయం వచ్చే విద్యా సంవత్సరానికే ఉత్తర్వులివ్వాలని కోరుతున్నాను.

— ఒక న్యాయవాది, అమలాపురం